ఒక పంట దాటినా గొంతు బాగు కాకుంటే



ఎప్పుడూ మనం ఇక్కడ ఆకు గురించి, ఊజీ ఈగ గురించి, గూళ్ళ రేటు గురించి రాసుకుంటాం. ఈసారి పురుగు గురించి కాదు, పురుగును మేపే మనిషి గొంతు గురించి రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఎస్.ఎస్.ఎల్.సి. దాకా చదివి, ఇరవై ఏండ్లకు పైగా పురుగులు మేపుకుంటున్న వాణ్ణి. మా ఇంట్లో జరిగిన సంగతి, దాని తర్వాత డాక్టర్ల దగ్గర అడిగి తెలుసుకున్న సంగతులు మీ ముందు పెడుతున్నాను. కొంచెం పొడుగు ఉంటుంది, పురుగులకు ఆకు వేసినాక తీరిగ్గా కూర్చుని చదవండి.

మా అన్న సంగతి

మాది శిడ్లఘట్ట తాలూకా. మా పెద్దన్నకూ నాకూ ఒకే షెడ్డు. నాలుగేండ్ల కింద ఒక పంట దిగినాక ఇద్దరం కలిసి షెడ్డుకు బ్లీచింగ్ కొట్టినాం. ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాం, అంతే. మరుసటి రోజుకు ఇద్దరికీ గొంతు బొంగురు పోయింది. నాకు ఐదారు రోజుల్లో సరిపోయింది. అన్నకు సరిపోలేదు.

"బ్లీచింగ్ ఘాటు రా, అదే పోతాది" అన్నాడు. అంగట్లో గొంతు బిళ్ళలు కొని చప్పరించినాడు. నేను "అన్నా, ఒకసారి ఆసుపత్రికి పోయి వద్దాం పా" అంటే, "చాకీ వస్తా ఉంది, ఈ పంట దిగిపోనీ" అన్నాడు.

ఆ పంట దిగింది. గొంతు అట్లే ఉంది. రెండో పంటలో ఊరి డాక్టరు దగ్గర సూది వేయించుకున్నాడు. నాలుగు రోజులు బాగున్నట్టు ఉండి మళ్ళీ మొదలు. మూడో పంటలో కుడి చెవి నొప్పి అన్నాడు. చెవిలో మందు చుక్కలు వేసుకున్నాడు. ఆ నొప్పి గొంతులోంచి వస్తా ఉందని మాలో ఎవరికీ తట్టలేదు. నాలుగో పంట వచ్చేసరికి రాగిముద్ద మింగేటప్పుడు నీళ్ళు తాగి తాగి దించుకుంటున్నాడు.

అన్న కూతుర్ని హోసూరు పక్కకు ఇచ్చినాం. ఒక రోజు ఆ పిల్ల ఫోన్ చేస్తే అన్న ఎత్తినాడు. "ఎవరు మాట్లాడేది? మా నాయనకు ఇయ్యండి" అనిందట. కన్నబిడ్డే తండ్రి గొంతు గుర్తు పట్టలేకపోయింది. మా వదిన ఆ మాట చెప్పి ఏడ్చినాక గానీ మేము బండెక్కలేదు. అప్పటికి ఆరు నెలలు దాటినాయి.

పరీక్ష చేసి స్వరపేటికలో క్యాన్సర్ అన్నారు. స్వరతంతువు మీదనే ఉన్నప్పుడు వచ్చింటే, చాలామందికి రేడియేషన్ తోనో చిన్న ఆపరేషన్ తోనో నయమయ్యి గొంతు కూడా నిలుస్తుందని డాక్టరు చెప్పినాడు. మా అన్నకు అది దాటిపోయింది. స్వరపేటిక మొత్తం తీసేసినారు. ఇప్పుడు మెడ ముందర ఉన్న రంధ్రం గుండా ఊపిరి పీలుస్తాడు. మనిషి ఉన్నాడు, తోటకు వస్తాడు, ఆకు కోస్తాడు. మమ్మల్ని పిలవాలంటే చప్పట్లు కొడతాడు.

అన్న బీడీ తాగేవాడు, ముప్పై ఏండ్ల అలవాటు. డాక్టర్లు దాన్నే పెద్ద కారణంగా చెప్పినారు. మేమేమో ఆ ఆరు నెలలూ బ్లీచింగ్‌ను తిట్టుకుంటా కూర్చున్నాం. కారణం మన కళ్ళ ముందే ఉందనుకుని ఊరుకోవడమే మేము చేసిన తప్పు.

మూడు వారాలు అంటే మన ఒక పంట

డాక్టర్లు చెప్పే లెక్క చాలా సులభం. గొంతు బొంగురు పోయి మూడు వారాలు దాటినా బాగు కాకుంటే, కారణం ఏదైనా సరే, చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకోవాల. జలుబు వల్ల, అరవడం వల్ల, ఘాటు వల్ల వచ్చిన బొంగురు మామూలుగా వారం, రెండు వారాల్లో తగ్గిపోతుంది. అంతకు మించి నిలిచిందంటే లోపల చూడాల్సిన పని ఉన్నట్టే.

మనకు దీన్ని గుర్తు పెట్టుకోవడం ఇంకా సులభం. రెండో జ్వరం లేచిన పురుగుల్ని చాకీ సెంటర్ నుంచి తెచ్చిన రోజు మొదలు, గూళ్ళు విడిపించి మార్కెట్‌కు తీసుకుపోయే దాకా లెక్క వేయండి. మూడో జ్వరం, నాలుగో జ్వరం, ఆఖరి మేపు ఏడెనిమిది రోజులు, చంద్రికల్లో ఐదారు రోజులు. అన్నీ కలిపితే ఇంచుమించు మూడు వారాలే. చాకీ వచ్చిన రోజు ఉన్న బొంగురు గూళ్ళు అమ్మే రోజుకూ ఉందంటే, గూళ్ళ దుడ్లు చేతికొచ్చిన మరుసటి రోజే డాక్టరు దగ్గరికి పోవాల. తర్వాతి చాకీకి అడ్వాన్సు ఇచ్చేదానికి ముందే పోవాల. "ఈ పంట దిగనీ" అనే మాట ఒక్కసారి చెల్లుతుంది, రెండోసారి చెల్లదు.

గొంతులో ఏముంటుంది?

మెడ ముందర చేతికి గట్టిగా తగిలే గుబ్బ లోపల స్వరపేటిక ఉంటుంది. అందులో రెండు చిన్న స్వరతంతువులు. ఊపిరి బయటికి వచ్చేటప్పుడు అవి దగ్గరికి చేరి వణుకుతాయి, అదే మన మాట. మగవాళ్ళలో సెకనుకు ఇంచుమించు 100 సార్లకు పైగా, ఆడవాళ్ళలో 200 సార్ల దాకా వణుకుతాయంట. అంత వేగంగా కదిలే దాని మీద కొంచెం వాపు వచ్చినా, చిన్న గడ్డ లేచినా రెండూ సరిగ్గా కలవవు. మధ్యలో గాలి జారిపోయి గొంతు బొంగురు పోతుంది. అందుకే స్వరతంతువు మీద పుట్టే జబ్బు చాలా ముందుగానే మాటలో తెలిసిపోతుంది. ఒంట్లో చాలా జబ్బులు ఇట్ల ముందుగా చెప్పవు. ఆ మాటను వినకుండా పోగొట్టుకునేది మనమే.

మన పనిలో గొంతును చెరిపేవి

మొదటిది మందుల ఘాటు. 100 లీటర్ల నీళ్ళకు 2 కిలోల బ్లీచింగ్, 300 గ్రాముల సున్నం కలిపి షెడ్డు కడుగుతాం. మూసిన షెడ్డులో ఆ క్లోరిన్ వాసన ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు అన్నిటినీ మండిస్తుంది. ఫార్మాలిన్ అయితే ఇంకా చెడ్డది. మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల పట్టీలో దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం చేర్చింది.

రెండోది దుమ్ము. పురుగు జ్వరానికి కూర్చున్నప్పుడు చల్లే సున్నం, పడక మీద చల్లే మందు పొడి.

మూడోది పొగ. చలికాలంలో షెడ్డు వేడికి పెట్టే బొగ్గుల కుంపటి, దానికి తోడు బీడీ.

నాలుగోది అరుపు. తోట ఆ చివర ఉన్న కూలీని ఈ చివర నుంచి పిలవడం మనకు అలవాటే. నోటి వేలం ఉన్న రోజుల్లో మార్కెట్లో పొద్దున్నే గొంతు పోగొట్టుకుని వచ్చేవాళ్ళం. ఈ-వేలం వచ్చినాక ఆ బాధ కొంత తగ్గింది.

ఐదోది మనం లెక్కలోకే తీసుకోనిది, రాత్రి భోజనం. ఆఖరి మేపులో రాత్రి ఆకు వేసి వచ్చేసరికి పది. అప్పుడు తిని, తిన్న చోటే పడుకుంటాం. కడుపులోని పులుపు పైకి ఎక్కి స్వరతంతువుల్ని కాలుస్తుంది. గుండెలో మంట లేకుండా కూడా ఇది జరగవచ్చు.

ఈ ఐదోది నాకే వచ్చింది. పోయిన ఏడు సంక్రాంతి పంటలో గొంతు బొంగురు పోయి తగ్గలేదు. పొద్దున లేస్తూనే గొంతు గీర, ఏదో అడ్డం ఉన్నట్టు. అన్నను చూసినవాణ్ణి కదా, రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు. ఇరవై రెండో రోజు గూళ్ళు అమ్మి, మరుసటి రోజు పోయినాను. డాక్టరు ముక్కులో మందు స్ప్రే కొట్టి, సన్నని గొట్టం లాంటి కెమెరా లోపలికి పంపి చూసినాడు. ఐదు నిమిషాల పని. కొంచెం ఇబ్బందిగా ఉంది గానీ నొప్పి లేదు. "గడ్డ ఏమీ లేదు, పులుపు వల్ల వాచింది" అన్నాడు. ఆ మాట వినేదానికి నేను మూడు వారాలు ఆగినాను, అన్న ఆరు నెలలు ఆగినాడు. భోజనం వేళ మార్చి, మాత్రలు వాడితే రెండు నెలల్లో గొంతు తెరుచుకుంది.

బొంగురుకు ఇంకా ఏ కారణాలు ఉంటాయి?

ఎక్కువ అరిచేవాళ్ళకు స్వరతంతువుల మీద కాయ కాసినట్టు చిన్న బుడిపెలు వస్తాయి. గొంతుకు విశ్రాంతి, మాట్లాడే పద్ధతి నేర్పే శిక్షణ ఇస్తే చాలామందికి తగ్గుతాయి.

థైరాయిడ్ తగ్గినా గొంతు మొద్దుబారుతుంది. మా ఊళ్ళో ఒక అక్కకు గొంతు బరువెక్కి, ఒళ్ళు వచ్చి, ఎప్పుడూ అలుపుగా ఉండేది. రక్త పరీక్షలో తేలింది. రోజూ ఒక మాత్రతో ఇప్పుడు బాగుంది.

రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించుకోవాల. సర్కారు ఆసుపత్రిలో గళ్ళ పరీక్షా, మందులూ ఉచితం. క్షయ స్వరపేటికకూ రావచ్చు.

ఇక క్యాన్సర్. బీడీ, సిగరెట్ తాగేవాళ్ళకు, దాంతో పాటు సారాయి తాగేవాళ్ళకు ముప్పు చాలా జాస్తి. పొగాకు నమలడం, గుట్కా వల్ల నోరు, గొంతు క్యాన్సర్లు వస్తాయి. అలవాట్లు ఏవీ లేనివాళ్ళకు కూడా అప్పుడప్పుడు వస్తుంది, కాబట్టి "నేను బీడీ తాగను కదా" అని మూడు వారాల లెక్క వదలొద్దు. స్వరతంతువు మీద చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మంది బాగవుతారు. క్యాన్సర్ అనే పేరుకు భయపడి పోకుండా ఉండేవాళ్ళు ఈ లెక్కను గుర్తు పెట్టుకోండి.

ఎప్పుడు పోవాల?

అప్పటికప్పుడు పోవాల్సినవి: ఊపిరి ఆడకపోవడం, ఊపిరి పీల్చేటప్పుడు కూత లాంటి శబ్దం రావడం, ఎంగిలి కూడా మింగలేకపోవడం, నోట్లోంచి రక్తం జాస్తిగా పడడం. ఇట్లాంటప్పుడు 108కి ఫోన్ చేయండి. బ్లీచింగ్, ఫార్మాలిన్ ఘాటు గట్టిగా పీల్చి దగ్గు, ఆయాసం వచ్చినా అంతే. ముందు మనిషిని బయటి గాలికి తీసుకురండి, మొహం, కళ్ళు కడగండి, ఆసుపత్రికి తీసుకుపోండి. అప్పటికి తగ్గినట్టున్నా కొన్ని గంటల తర్వాత ఆయాసం ఎక్కువ కావచ్చు.

మూడు వారాలు ఆగకుండా ఆ వారంలోనే పోవాల్సినవి: మింగేటప్పుడు నొప్పి లేదా అడ్డం, మెడలో గడ్డ, ఒకే పక్క చెవి నొప్పి, గళ్ళలో రక్తపు చార, కారణం లేకుండా ఒళ్ళు తగ్గడం, మెడ ఆపరేషన్ తర్వాత గొంతు మారడం. బొంగురుతో పాటు వీటిలో ఒకటి ఉన్నా పంట చూడొద్దు.

ఇవేవీ లేకుండా ఒట్టి బొంగురు మాత్రమే ఉంటే మూడు వారాలు, అంటే ఒక పంట.

ఎక్కడికి పోవాల?

మొదట తాలూకా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో పోండి. చెవి ముక్కు గొంతు డాక్టరు ఏ రోజు ఉంటాడో ముందే అడగండి. "గొంతు నొప్పి" అని మాత్రం చెప్పి రావొద్దు. "ఇన్ని వారాల నుంచి బొంగురు ఉంది, స్వరపేటిక చూడండి" అని విడమరిచి చెప్పండి. నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే స్వరతంతువులు కనిపించవు. అద్దంతో గానీ కెమెరాతో గానీ చూడాల.

కర్ణాటకలో బి.పి.ఎల్. కార్డు ఉన్న కుటుంబానికి ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక కింద ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స ఉంది. ఆధార్, రేషన్ కార్డు వెంట పెట్టుకుని, సర్కారు ఆసుపత్రి నుంచి రెఫరల్ చీటీ రాయించుకోండి. క్యాన్సర్ అని తేలితే బెంగళూరులో కిద్వాయి ఆసుపత్రి ఉంది. తమిళనాడు వాళ్ళకు చెన్నై అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, మహారాష్ట్ర వాళ్ళకు ముంబై టాటా మెమోరియల్, ఒడిశా వాళ్ళకు కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆసుపత్రి, యానాం వాళ్ళకు దగ్గర్లో కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి.

మా అన్న మాదిరి స్వరపేటిక తీసేసిన వాళ్ళకూ మాట పూర్తిగా పోయినట్టు కాదు. ఊపిరి గొట్టానికీ అన్నం గొట్టానికీ మధ్య చిన్న వాల్వు పెట్టి, మెడ రంధ్రాన్ని వేలితో మూసి మాట్లాడేది నేర్పిస్తారు. బెంగళూరు డాక్టరు విశాల్ రావు 50 రూపాయల్లో అయ్యే వాల్వు తయారు చేసినారు. మా అన్న కూడా వాల్వు పెట్టించుకోవాలని ఇప్పుడిప్పుడే ఒప్పుకున్నాడు.

ఇంట్లో, షెడ్డులో చేయాల్సినవి

తువ్వాలు గాని, గుడ్డ మాస్కు గాని బ్లీచింగ్, ఫార్మాలిన్ ఆవిరిని ఆపవు. దుమ్ము మాస్కు కూడా ఆపదు. ఆవిరికి పక్కల గుండ్రటి డబ్బీలు ఉండే మాస్కు కావాల. సున్నం, పొడి మందు చల్లేటప్పుడు ఎన్-95 మాస్కు చాలు. కళ్ళకు అద్దాలు, చేతులకు గ్లౌజులు వేసుకోండి. మందు కొట్టేటప్పుడు లోపలి గోడ నుంచి మొదలు పెట్టి వెనక్కి నడుస్తూ వాకిలి దగ్గరికి రండి. ఒక మందును ఇంకో మందులో కలపొద్దు. ముఖ్యంగా బ్లీచింగ్‌లో యాసిడ్ పడితే విషవాయువు లేస్తుంది. మరుసటి రోజు వాకిలి, కిటికీలు తెరిచి గాలి ఆడనిచ్చినాకే లోపలికి పోండి. మెడలో రంధ్రం ఉన్నవాళ్ళను ఈ పనికి అస్సలు రానీయొద్దు. వాళ్ళకు గాలిని వడకట్టే ముక్కు లేనట్టే.

రాత్రి ఆకు వేసేదానికి ముందే తినేయండి. తిన్నాక రెండు మూడు గంటలు నడుం వాల్చొద్దు. మంచం తలవైపు కోళ్ళ కింద ఒక్కో ఇటుక పెట్టండి. నాకు మందు కంటే ఇదే ఎక్కువ పని చేసిందనిపిస్తుంది.

తోటలో పిలవడానికి విజిల్ పెట్టుకోండి, పది రూపాయల వస్తువు. గొంతు పోయినప్పుడు గుసగుసలాడొద్దు, దాని వల్ల గొంతు ఇంకా అలుస్తుంది. మెల్లగా, తక్కువగా మాట్లాడండి. నీళ్ళు బాగా తాగండి, ఆవిరి పట్టండి. మిరియాల కషాయం, ఉప్పునీళ్ళు హాయినిస్తాయి, తాగండి, పుక్కిలించండి. అయితే అవి లోపలి గడ్డను కరిగించవు. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు మింగొద్దు. ఊరి డాక్టరు సూదితో వాపు తగ్గి బాగున్నట్టు అనిపిస్తే అసలు జబ్బు దాక్కుంటుంది.

బీడీ, గుట్కా మానాలనుకుంటే 1800-11-2356 నంబరుకు ఫోన్ చేయండి, దుడ్లు పడవు. మా అన్న బీడీ మానినాడు గానీ, గొంతు పోయినాక మానినాడు.

ఒక్క మాట

మనందరికీ పంట లెక్క రాసుకునే నోటు బుక్కు ఉంది. చాకీ తెచ్చిన తేదీ, ఎన్ని మొట్టలు, ఎప్పుడు జ్వరం, ఎంత ఆకు అన్నీ రాస్తాం. పాలురోగం ఒక్క పురుగులో కనిపిస్తే ఆ రోజే ఏరి పారేస్తాం, రేపటికి ఆగం. ఈ పంట నుంచి అదే బుక్కులో ఇంకో గీత రాయండి. ఇంట్లో ఎవరికైనా గొంతు బొంగురు ఉందా, ఎప్పటి నుంచి అని. గూళ్ళు అమ్మి వచ్చిన రోజు ఆ గీత మళ్ళీ చూడండి.

మా బుక్కులో ఆ గీత ఇప్పుడు మా వదిన రాస్తుంది.

ఇట్లు,
మీ తోటి పట్టు రైతు,
శిడ్లఘట్ట తాలూకా